వరిగడ్డిలో హెల్మెట్టు

పోయిన వారం గిద్దలూరు నుంచి ఒక లెక్చరరు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రయాథ్లాన్‌కు పేరిచ్చినా. ఏమేం సర్దుకోవాల్నో రవ్వంత చెప్పన్నా" అన్నాడు. మా పడమటి ప్రకాశంలో ఈ పిచ్చి పట్టినవాళ్ళం ఒక చేతి వేళ్ళకు సరిపోతాం కాబట్టి ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది. ముందు ఈత, ఆ తడి ఒంటితోనే సైకిలు, సైకిలు దిగీ దిగగానే పరుగు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారేటప్పుడు కూడా గడియారం ఆగదు. అందుకే దీంట్లో సామాను సర్దుకోవడం కూడా పందెంలో భాగమే. నేను దుకాణంలో కూర్చుని నింపాదిగా చెప్పుకుంటూ పోయాను. ఈతకు కళ్ళద్దాలు, రబ్బరు టోపీ. సైకిలుకు హెల్మెట్టు, పట్టీల చెప్పులు. పరుగుకు బూట్లు. ఒక తువ్వాలు. ఆ ఊపులోనే "అడుగున వరిగడ్డి" అని కూడా అన్నాను.

"వరిగడ్డా అన్నా?"

"ఏం లేదులే, నోరు జారినా" అని ఫోన్ పెట్టేశాను. నవ్వొచ్చింది. ఆ వెంటనే దిగులు కూడా వచ్చింది. ఆ వరిగడ్డి నా నోటికి అంటింది మా పెద్దమ్మ వల్ల. ఆమె పోయి నాలుగు నెలలైంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. మార్కాపురంలో వరసలకు రక్తంతో పనిలేదు, రోజూ ఎదురుపడితే చాలు. మా నాయనకు పలకల ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో ఆమె అందులో ప్యాకింగ్ చేసేది. మార్కాపురం పలక అనగానే అందరికీ చిన్నప్పటి బలపం గుర్తుకొస్తుంది గాని, మా ఊరి రాయి బడి దగ్గరే ఆగలేదు. చెక్కపెట్టెల్లోకెక్కి, ఓడల్లో దేశాలు దాటిపోయింది. మా ఫ్యాక్టరీ నుంచి అలా పోయిన పెట్టెలన్నీ ఆమె చేతులు కట్టినవే.

తర్వాత పలకల కాలం పోయింది. నాయన ఫ్యాక్టరీ మూసేసి అదే షెడ్డులో అద్దాలు, టైల్సు, వాష్‌బేసిన్ల దుకాణం పెట్టాడు. పనివాళ్ళంతా తలా ఒక దిక్కు వెళ్ళిపోయారు. పెద్దమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నే మామూలుగా వచ్చి తన మూల తను కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు. పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు. చంద్రశేఖరపురం నుంచి ఒకాయన కిటికీ అద్దాలు కొని బస్సు మీద వేసుకుపోతానంటే, ఆమె లేచి గడ్డి తెచ్చి వాటిని కట్టి ఇచ్చింది. ఆ గతుకుల రోడ్డు మీద ఒక్కటి పగలలేదు. ఆ తర్వాత మా దుకాణానికి బేరాలు వచ్చింది మా సరుకు చూసి కాదు, ఆమె కట్టు చూసి. ఈ మాట నాయన ఉన్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. నేను ఒప్పుకుంటున్నాను.

మనిషి పొట్టి. రాతిపొడి ఇంకిపోయి గోళ్ళ అంచులు బూడిదరంగుకు తిరిగి ఉండేవి. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగైదు మేకులు. పెట్టె కొట్టేటప్పుడు చేతికందేలా పెట్టుకునే అలవాటు, పెట్టె లేనప్పుడూ పోలేదు. ఆమె మాటలన్నీ ఆ మేకుల సందుల్లోంచే వచ్చేవి. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఎవరినన్నా తిట్టాల్సి వస్తే మాత్రం ముందు ఆ మేకుల్ని ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకునేది. మొదటి మేకు బయటికి రాగానే హమాలీలకు ఏదో పని గుర్తొచ్చేది. నాలుగో మేకు దాకా ఎదురుగా నిలబడ్డ మనిషి నాకు తెలిసి ఒక్కరే, మా నాయన. అది కూడా గల్లాపెట్టె వదిలి పోలేక.

ఇంకొకటి, ఏ వస్తువు కనబడ్డా వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేది. మంచి రాయి అయితే ఖంగుమంటుంది, లోపల బీట ఉంటే మోత చచ్చిపోతుంది. ఫ్యాక్టరీలో అబ్బిన ఆ విద్య పుచ్చకాయలకు పాకింది, కుండలకు పాకింది, చివరికి మనుషుల దాకా వచ్చింది. నాకు షుగరు వచ్చిందని తెలిసిన రోజు వీపు మీద రెండు దెబ్బలు కొట్టి విని, "బీటేం లేదులే నాయనా, తిండి తగ్గించి ఒళ్ళు వంచు" అంది. డాక్టరు ఇదే మాట చెప్పడానికి మూడు పరీక్షలు రాశాడు.

ఆమె పనిలో సూత్రాలు రెండే. ఒకటి, పలకను పడుకోబెట్టకూడదు, నిలబెట్టి పేర్చాలి. "పండుకుంటే పైదాని బరువు మోయాల. నిలబడితే ఎవురి బరువు వాళ్ళదే" అనేది. రెండోది, పెట్టె ఊపితే లోపల చప్పుడు రాకూడదు. ఇద్దరు హమాలీల చేత పెట్టెను ఊపించి, చెక్కకు చెవి ఆనించి వినేది. ఏ మాత్రం కదిలినట్టు అనిపించినా చెక్కల సందులోంచి పుల్లతో ఇంకాస్త గడ్డి కూరేది. అంతా అయ్యాక చుట్టూ తాడు బిగించి, పేరు లేని ముడి ఒకటి వేసేది. ఆ ముడి ఆమెకే తెలుసు. ఆ పైన పెట్టె మీద కూర్చుని టీ తాగేది. తాగి లేచి, పెట్టెను తట్టి, "పో, పోయి చేరుకో" అనేది. అక్కడితో దాని సంగతి మర్చిపోయేది.

"నీ పెట్టెలు ఎట్ల ఉన్నాయని ఎవరన్నా చెప్పినారా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"పగిల్తే ఉత్తరం వస్తాది. పగలకపోతే రాదు. నా పెట్టెలకు ఉత్తరం రాలే" అంది. ముప్ఫై ఏళ్ళలో ఆమెకు దక్కిన మెప్పు అదే. మళ్ళీ తనే అంది. "ఒక్క ఆశ ఉండాది నాయనా. నేను కట్టింది ఎవురన్నా ఇప్పుతా ఉంటే చూడాల. ఎట్ల ఇప్పుతారో, ఇప్పినాక మొగం ఎట్ల పెడతారో. నాకు తెలిసింది కట్టేంతవరకే."

అంత చిన్న కోరిక కూడా తీరలేదా అనిపిస్తుంది. కాని ఆలోచిస్తే నిజమే. బేసిను కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళి ఇప్పుకుంటాడు. ఆమె ఎప్పుడూ ఈ చివర ఉండేది, ఇప్పడం ఎప్పుడూ ఆ చివర జరిగేది.

షుగరు భయంతో నడక మొదలుపెట్టిన నేను, నడక నుంచి పరుగుకూ, పరుగు నుంచి సైకిలుకూ పోయాను. త్రిపురాంతకం రోడ్డు మీద నేను సైకిలు తొక్కుతుంటే తెలిసినవాళ్ళు బైకులు ఆపి, "ఏంది సేటూ, బండి అమ్ముకున్నావా?" అని పరామర్శించేవాళ్ళు. ఈత ఒక రైతు బావిలో నేర్చుకున్నాను. నలభై దాటాక బావిలో గుండ్రంగా తిరిగే మనిషిని చూడ్డానికి చుట్టుపక్కల చేలవాళ్ళు పనులాపి వచ్చేవాళ్ళు. ఇదంతా అయ్యాక, ఒంగోలు అవతల సముద్రం ఒడ్డున చిన్నపాటి ట్రయాథ్లాన్ పెడుతున్నారని తెలిసింది. జిల్లాలు చీల్చినప్పుడు మా ప్రకాశానికి మిగిలిన కాస్త సముద్రం అది. పేరిచ్చేశాను. రెండుంబావు గంటల్లో ముగించాలి. దాటితే లెక్కలోకి తీసుకోరు.

దుకాణంలో నా హెల్మెట్టు మీద నేనే టైల్సు అట్టపెట్టె పెట్టి పగలగొట్టుకున్నాను. కొత్తది తెస్తే పెద్దమ్మ కణుపుతో కొట్టింది. లోపలంతా థర్మాకోల్ కాబట్టి అది మోగలేదు. "ఇది గూడా పగిలిందే నాయనా" అంది. కాదని చెప్పడానికి పావుగంట పట్టింది. చివరికి, "సరే, నీకు సామాన్లు పెట్టుకునేది తెలీదు. నేను సర్దుతా" అని మేకులు నోట్లో పెట్టుకుంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

సర్దింది. పలకలు పోయే కొలతలో చెక్కపెట్టె. అడుగున వరిగడ్డి, దాని మీద బూట్లు నిలువుగా, వాటి మధ్య గడ్డి, చెప్పులు నిలువుగా, మళ్ళీ గడ్డి. హెల్మెట్టును పక్షి గూట్లో గుడ్డును పెట్టినట్టు పెట్టింది. పైన చెక్క, ఎనిమిది మేకులు, తాడు, ఆ పేరు లేని ముడి. హమాలీలు ఊపారు. చప్పుడు లేదు. ఈత కళ్ళద్దాలు మాత్రం చేతిలో ఉండాలని వాటికి వేరే పొట్లం కట్టింది. ఆ పొట్లం ఇప్పడానికే నాకు బస్సులో సగం దారి పట్టింది. అప్పుడైనా బుద్ధి రావాల్సింది.

బస్సు ఆలస్యమైంది. సైకిలూ పెట్టే దించి వాటికి చూపించిన చోట నిలబెట్టేసరికి ఈతకు పిలుస్తున్నారు. పెట్టెదేముంది, వచ్చాక ఇప్పుకుందాం అనుకున్నాను. నీళ్ళలోంచి వచ్చేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి, నానిన శనగల్లా ఉన్నాయి. ముడి పట్టుకుంటే మొదలెక్కడో చివరెక్కడో తెలీలేదు. పళ్ళతో లాగాను. తాడు వచ్చాక మేకులు కనబడ్డాయి. సైకిళ్ళ మెకానిక్కు దగ్గర ఒక కమ్మీ అడిగి తెచ్చి చెక్క లేపాను. లోపల చెయ్యి పెడితే గడ్డి తప్ప ఏదీ తగలదు. తడి ఒంటికి గడ్డి, జుట్టులో గడ్డి. చుట్టూ అందరూ ఒక నిమిషంలో హెల్మెట్టు తగిలించుకుని పోతున్నారు. ఒకాయన పోతూ పోతూ, "ఏం తెచ్చారండీ, మామిడికాయలా?" అన్నాడు. నాకు పెట్టెకు పధ్నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా చివరి గీత దగ్గరికి చేరాను. ఇందులో కూడికలూ తీసివేతలూ చిన్నపిల్లలక్కూడా వస్తాయి.

తిరిగొచ్చాక ఆమె అడిగింది ఒకటే. "ఏమన్నా పగిలిందా?"

"ఒక్కటీ పగల్లే పెద్దమ్మా."

"ఇప్పేటప్పుడు ఎట్ల ఉండె?"

"అందరూ నా పెట్టెనే చూసినారు" అన్నాను. రెండూ నిజాలే కాబట్టి నా మనస్సాక్షి నన్నేమీ అనలేదు. ఆమె ఆ రోజంతా మేకుల మధ్యలోంచి ఏదో పాట పాడుకుంది. పందెం సంగతి అడిగితే, ఇంకా సాధన కావాలని చెప్పి తప్పించుకున్నాను.

నెల తిరక్కుండా అబద్ధం బయటపడింది. ఆ పందెం వీడియో ఎవరో పెడితే అది తిరిగి తిరిగి మా ఆవిడ ఫోనులోకి వచ్చింది. ఆమె నవ్వు ఆపుకోలేక దుకాణంలోనే అందరికీ చూపించింది. మోకాళ్ళ మీద కూర్చుని, తాడు కొరుకుతూ, తలనిండా గడ్డితో నేను. పెద్దమ్మ కూడా చూసింది. రెండోసారి పెట్టమంది. చూసింది. తర్వాత నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసింది. మొత్తం ఐదు. హమాలీలు మాయమయ్యారు. నేను గల్లాపెట్టె దగ్గర ఇరుక్కుపోయాను, మా నాయన ఇరుక్కుపోయిన చోటే.

"అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"పగల్లేదన్నా గదా పెద్దమ్మా. అబద్ధమేముంది?"

"పెట్టె చేరింది. నువ్వు చేరలే" అంది. గొంతు పెంచలేదు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజులు దుకాణానికి రాలేదు. ఆమె లేని మూల చూడలేక నేను అక్కడ ట్యాపుల అట్టపెట్టెలు పేర్పించాను. ఐదో రోజు వచ్చి, ఆ అట్టపెట్టెల్ని కాలితో పక్కకు నెట్టి కూర్చుంది. "వచ్చే ఏడు గూడా ఉంటాదా ఆ పందెం?"

"ఉంటాది."

"ఈ తూరి నువ్వు టయానికి చేరాల నాయనా. నా కట్టు వల్ల ఒక మనిషి దారిలో నిలబడిపోయినాడంటే నాకు అన్నం సయించట్లే. పెట్టె నేనే కడతా. నేను గూడా వస్తా. ఇప్పేది నా కళ్ళతో చూస్తా."

వద్దు పెద్దమ్మా, బ్యాగులో వేసుకుంటాను అని అనొచ్చు. అనలేకపోయాను. ఆమెకు కావలసింది నా పందెం గెలుపు కాదని నాకు తెలుసు. తన చేతిపని మీద పడ్డ ఆ మచ్చ పోవాలి. డెబ్బై ఏళ్ళ మనిషి ముప్ఫై ఏళ్ళ అలవాటును తిరగరాసుకుంటానంటే మనం అడ్డం పడకూడదు.

ఆ ఏడాది ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పలకల్లో ముందు తీసేదీ తర్వాత తీసేదీ అంటూ ఉండదు, అన్నీ ఒకటే. ఇక్కడ అలా కాదని నేను చెబితే, నేల మీద బొగ్గుతో గీసుకుంది. నీళ్ళలోంచి వస్తే ముందు ఏంది? హెల్మెట్టు. అయితే అది పైన. తర్వాత? చెప్పులు. అవి దాని కింద. సైకిలు దిగినాక? బూట్లు. అవి అడుగున. మధ్యలో పల్చటి చెక్కలు అరల్లాగ పెట్టింది. మేకులు మానేసింది. తాడు మాత్రం మానలేదు, కాని తన ముడి బదులు జారుముడి వేసింది. ఒక్క లాగు లాగితే ఊడిపోవాలి. ఆ ముడి వేసేటప్పుడు ఆమె ముఖం చూడాలి. "ఇదొక ముడా? దీనికంటే నోటిమాట గట్టి" అని విసుక్కునేది. నిజానికి ఆమె చేతులు ఆ ముడిని వేయడానికి ఒప్పుకునేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే వేళ్ళు వాటంతటవి పాత ముడి బిగించేసేవి. చూసుకుని, నాలుక కరుచుకుని, మళ్ళీ వేసేది.

ఆదివారాలు షెడ్డులో సాధన. నేను బనియనుతో నిలబడితే ఆమె ముందు ఒక బక్కెట నీళ్ళు నా నెత్తిన కుమ్మరించేది. "తడి చేతుల్తో గదా ఇప్పేది" అని ఆమె వాదన. తర్వాత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. ఆమె అంకెలు ఆమె ఇష్టం. నేను నెమ్మదిగా ఉంటే అవి తొందరగా నడిచేవి. నూట ఇరవైతో మొదలై, నలభైకి వచ్చాం. "అయితే ఇదిగో, చూసినావుగా ఇప్పేది" అని నేనొకసారి నవ్వాను. "ఇది కాదు. ఊళ్ళో ఇప్పేది ఇప్పేదే కాదు. పోయి చేరినాక ఇప్పాల" అంది.

రెండో ఏడాది ముగ్గురం వెళ్ళాం. నేనూ, ఆమే, పెట్టే. పెట్టెను బస్సు మీద వేయనివ్వలేదు, కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ముందురోజు సాయంత్రం తీరానికి తీసుకెళ్ళాను. అలల ముందు చాలాసేపు నిలబడింది.

"నా పెట్టెలన్నీ దీని మీదనేనా పోయింది?"

"ఈ సముద్రమే. రేవు వేరే."

ఇంకొక పెద్ద అల వచ్చి పడింది. "ఇంత ఎగిరి పడతాదా! మీ నాయన చెప్పలే" అంది. "ఇంకొంచెం గడ్డి పెట్టాల్సింది."

పొద్దున పెట్టెను నా సైకిలు పక్కన తనే పెట్టి, ముడిని రెండుసార్లు చూసుకుని, తాడు కొస నా చేతికందే వైపు తిప్పింది. తర్వాత కంచె బయటికి వెళ్ళి నిలబడింది. నేను నీళ్ళలోకి దిగాను. ఇరవై ఎనిమిది నిమిషాలకు బయటికొచ్చి, పరిగెత్తి, ఒక్క లాగు లాగాను. మూత వచ్చేసింది. హెల్మెట్టు, చెప్పులు. నలభై కూడా పట్టలేదు. తలెత్తి ఆమె కోసం చూశాను. ఆమె కంచె దగ్గర లేదు. దూరంగా తీరంలో, నాకు వీపు పెట్టి, నీళ్ళ వైపు చూస్తూ నిలబడి ఉంది. అందరివీ ఒకే రంగు టోపీలు కదా, నేను బయటికొచ్చింది ఆమె కనిపెట్టలేదు. ఆఖరి తల తేలేదాకా లెక్కపెడుతూ అక్కడే ఉంది. ఆమె ఒక్క కోరికా అలా ఆమె వెనకాలే తీరిపోయింది. అరిచి పిలవాలనిపించింది. గడియారం గుర్తొచ్చింది. సైకిలెక్కి వెళ్ళిపోయాను. ఆ వెళ్ళడం నాకు ఇప్పటికీ బాగోలేదు.

ఎదురుగాలి. సైకిలు దిగేసరికి నా దగ్గర నలభై నిమిషాలు ఉన్నాయి. పరుగుకు ముప్ఫై ఏడో ముప్ఫై ఎనిమిదో పడుతుంది. సరిపోతుందనుకుంటూ సైకిలు తోసుకుని నా చోటికి వచ్చాను.

పెద్దమ్మ పెట్టె మీద కూర్చుని టీ తాగుతోంది.

చిన్న పందెం కాబట్టి కాపలా అంతంతమాత్రం. ముసలామెను ఎవరూ ఆపలేదు. లోపలికొచ్చి చూస్తే పెట్టె నోరు తెరుచుకుని ఉంది, గడ్డి గాలికి ఎగురుతోంది, తువ్వాలు ఇసుకలో పడి ఉంది. ఆమె చూసి ఊరుకోలేకపోయింది. అంతా దులిపి, నిలువుగా పేర్చి, సందుల్లో గడ్డి కూరి, మూత పెట్టి, తాడు బిగించింది. పక్కవాళ్ళ తువ్వాళ్ళు కూడా మడతపెట్టి ఉన్నాయి. ముడి చూశాను. జారుముడి కాదు, ఆమె ముడి. దాని అడుగున ఉన్నాయి నా బూట్లు.

"కట్టేసినా నాయనా. ఊపి చూసినా, చప్పుడు లే" అంది. ముఖమంతా వెలుగు.

ఆ ముడికి నాకు పది నిమిషాలు. ఉన్నది రెండు నిమిషాల వెసులుబాటు. అడిగితే ఆమె కంగారు పడుతుంది, రెండో ఏడు కూడా తన పెట్టే నన్ను ఆపిందని జన్మంతా కుములుతుంది. కాళ్ళకున్న సైకిలు చెప్పులతోనే పరుగు కానిద్దామనుకున్నాను. "బాగా కట్టినావు పెద్దమ్మా. నే పోయొస్తా" అని పరిగెత్తాను.

దారి రెండు చుట్లు. మొదటి చుట్టు తిరిగి వచ్చేటప్పుడు కంచె పక్కన ఆమె పెట్టె మీదికి వంగి కనబడింది. ఏదో అరిచింది. నేను కాళ్ళు ఆమెకు కనబడకుండా అవతలి అంచుకు జరిగి చెయ్యి ఊపాను. మలుపు దాటి మళ్ళీ ఎదురుగా వచ్చేసరికి కంచెకు ఆనుకుని రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. చేతుల్లో ఏదో ఉంది. అందరూ జెండాలు ఊపుతున్నారు కదా, ఆమె కూడా ఏదో దొరకబుచ్చుకుందనుకున్నాను. నాకు నిజంగా బలం వచ్చింది. ఇంకోసారి చెయ్యి ఊపి వేగం పెంచాను. చెప్పుల పట్టీలు మడమల్ని కోసేస్తున్నాయి. చివరి గీత దాటేసరికి గడియారంలో ఇంకా నిమిషం పైనే మిగిలి ఉంది.

దాటి, అక్కడే ఇసుకలో కూలబడ్డాను. పెద్దమ్మ వచ్చింది. రెండు చేతుల్లో రెండు బూట్లు.

నేను పరిగెత్తిన ఇరవై అడుగులకే ఆమెకు తట్టిందట. అప్పటి నుంచి పెట్టె ముందు కూర్చుని తన ముడిని తనే ఇప్పుకుంది. ఎవరో చాకు ఇస్తామంటే వద్దందట. కుడిచేతి వేళ్ళ కొసలు చీరుకుపోయి ఉన్నాయి, ఒక గోరు లేచిపోయి ఉంది.

"రెండు తూర్లు పిలిచినా గదా నాయనా. బూట్లు చూపించినా. చెయ్యి ఊపి పోయినావు."

నేను చెప్పుల పట్టీలు ఊడదీశాను.

"టయానికి చేరినావా?"

"చేరినా పెద్దమ్మా."

ఒకసారి తలూపింది. ఇసుకలో నా ఎదురుగా కూర్చుని, నా కాలు లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. పెద్దామె నా కాళ్ళు పట్టుకోవడమేంటని వెనక్కి తీసుకోబోయాను. "ఊరికే ఉండు" అంది. కొంగుతో మడమ మీది ఇసుక తుడుస్తూ, రక్తం కారే తన వేళ్ళ వంక చూసుకుంది.

"ముప్పై ఏండ్లు కట్టినా నాయనా. ఒక్కటి ఇప్పేతలికి ప్రాణం కడగట్టింది. ఆ దేశాలోళ్ళు నన్ను ఎంత తిట్టుకోని ఉంటారో, పాపం!"